లక్ష మంది చూస్తే నిపుణులే

ప్రోగ్రామింగ్ నిపుణుల గుర్తింపు మండలి వారి జీపు మా వీధిలోకి వచ్చేసరికి నేను ముగ్గు ముగించి, మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. డ్రైవరు మర్యాదస్తుడు. చక్రం ముగ్గు మీద పడుతుందని బండి వెనక్కి తీసి ఎదురింటి వాళ్ల గోడ పక్కన ఆపాడు. అందులోంచి కోటు వేసుకున్న పెద్దమనిషి దిగాడు. చేతిలో శాలువా ఉంది. మా వీధి చివర మాస్టారు ఒకాయన ఈమధ్యే రిటైరయ్యాడు, ఈయన ఇల్లు తప్పి వచ్చాడు కాబోలనుకున్నాను.

"వీరవేణమ్మ గారు అనువారు తమరేనా?"

"నేనే బాబూ. ఏం, రేషను కార్డు గొడవా?"

"కాదమ్మా. తమరు ప్రోగ్రామింగ్ నిపుణులుగా గుర్తింపబడినారు. నా పేరు పట్టాభిరామయ్య. మండలి కార్యదర్శిని."

గ్లాసు కింద పెట్టేలోపే శాలువా నా భుజాల మీద పడింది. అదేమిటో వివరంగా చెప్పమన్నాను. ఆయన చెప్పాడు, నిలబడే చెప్పాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. కూర్చుని చెబితే ఆ మాటలకు అంత బరువు రాదనుకున్నాడేమో.

సంగతేమిటంటే, ప్రభుత్వ పాలిటెక్నిక్కుల్లో ప్రోగ్రామింగు ఎవరికి వచ్చు, ఎవరికి రాదు అనేది తేల్చడానికి ఈ మండలిని పెట్టారట. డిగ్రీలు చూద్దామంటే అవి అందరికీ ఉన్నాయి. అనుభవం చూద్దామంటే దాన్ని తూచే కాటా లేదు. ఇంటర్నెట్‌లో మాత్రం ప్రతి మనిషి పేరు కిందా ఒక అంకె ఉంటుంది. పైగా పిల్లలు క్లాసులో కూర్చుని కూడా బల్ల కింద ఫోనే చూస్తున్నారు కాబట్టి, అసలు గురువులు ఫోనులోనే ఉన్నారని మండలి కనిపెట్టింది. అందుకని రూలు పెట్టేశారు. లక్షమంది వెంట ఉంటే నిపుణులు, లేకపోతే కారు.

"బాగానే ఉంది బాబూ. నా వెంట లక్షమంది ఉన్నది ముగ్గులకి కదా?"

"అందులకే మండలి నిర్వచనము విస్తృతముగా ఇచ్చినది. సూచనలను క్రమపద్ధతిలో ఒకదాని తరువాత ఒకటిగా చెప్పుటయే ప్రోగ్రామింగు. తమరు ఇక్కడ చుక్క, అక్కడ మలుపు, మళ్లీ మొదటికి అని చెప్పుచున్నారు. ఇంతకంటె ప్రోగ్రామింగు ఏమున్నది?"

ఈ ముగ్గుల భాగోతం మా కోడలు కాత్యాయని మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున్నే ఫోను స్టూలు మీద పెట్టి నేను ముగ్గు వేస్తుంటే తీసేది. చెయ్యి కదులుతుంటే నోరు ఊరుకోదు నాకు. ఏ ఇంటి పెళ్లికి ఏ ముగ్గు వేశానో, ఆ పెళ్లిలో ఎవరు అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయారో, వరదొచ్చిన ఏడాది పడవలో కూర్చుని కూడా మా పెద్దాడపడుచు ఎందుకు మాట్లాడలేదో చెబుతూ ఉండేదాన్ని. జనం ముగ్గు కోసం వచ్చారో, అలకల కోసం వచ్చారో చెప్పలేను. వచ్చారు.

అప్పుడే కాత్యాయని కార్యదర్శిగారికి కాఫీ తెచ్చింది.

"ఈమె ఎవరు?"

"మా కోడలు బాబూ. మన ఊరి పాలిటెక్నిక్కులో ప్రోగ్రామింగు చెబుతుంది."

ఆయన ముఖం వెలిగింది. "అటులనా! ఎంతమంది చూచెదరు?"

"క్లాసుకి అరవై మందండీ," అంది కాత్యాయని.

"అరవై వేలా?"

"అరవై మందండీ. వర్షం పడితే నలభై."

ఆయన కాఫీ గ్లాసు అందుకుని, చావు కబురు విన్నవాడిలా తల ఆడించాడు.

ఆ తల ఆడించడం మా ఇంటికి ఎంత లోతుగా తగిలిందో చెప్పాలి. కాత్యాయనిది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఏప్రిల్‌లో అయిపోతుంది, మళ్లీ పిలుస్తారా లేదా అని జూన్ దాకా ఫోను చేతిలో పట్టుకుని తిరుగుతుంది. నల్లజుట్టుతో చేరింది, ఇప్పుడు రంగు వేసుకుంటోంది. ఆ జీతమే ఇంటికి ఆధారం. మావాడు లారీ ఆఫీసులో గుమాస్తా, అక్కడ జీతం ఎప్పుడిస్తారో వాళ్లకే తెలీదు. ఈ ఏడాది కాంట్రాక్టు వాళ్లను పర్మనెంటు చేస్తామన్నారు. కానీ ప్రోగ్రామింగు చెప్పేవాళ్లు నిపుణుల ముందు ఇంటర్వ్యూకి నిలబడి, వాళ్ల చేత సరేననిపించుకోవాలి. కాకపోతే ఇంటికే.

జీపు వెళ్లిపోయాక కాత్యాయని నా శాలువా మడత పెడుతూ, "నన్ను పరీక్ష చేసేది మీరేనన్నమాట అత్తయ్యగారూ," అంది. నవ్వుతూనే అంది గానీ, మడత మాత్రం సరిగ్గా రాలేదు.

నిపుణుల మొదటి సమావేశానికి కారు పంపారు. పెద్ద హాలు, ఏసీ, మనిషికో నీళ్ల సీసా. నాతోపాటు ఇంకో ఇద్దరు నిపుణులు. ఒకాయన బులిరాజు, గేదెల పెంపకం గురించి చెబుతాడు. గేదెను ఎలా కొనాలి, ఎలా కట్టాలి, తన్నితే ఎటు పడాలి. రెండో అతను మురారి, చువ్వలాంటి కుర్రాడు. వారంలో ప్రోగ్రామింగు నేర్చుకుని నెలలో కారు కొనడం ఎలాగో చెబుతాడు. మా ముగ్గురిలోకీ ప్రోగ్రామింగు అనే మాట నోట పలికేది అతనొక్కడే.

"నువ్వు రాసిన ప్రోగ్రాములు ఏమేం ఉన్నాయి నాయనా?" అని అడిగాను, మాట కలుపుదామని.

"నేను రాయను బామ్మగారూ. రాయడం గురించి చెబుతాను."

"మరి ఎవరు రాస్తారు?"

"చూసినవాళ్లు."

"వాళ్లు రాశారా?"

"వాళ్లూ చానెళ్లు పెట్టారండీ."

బులిరాజు నా చెవి దగ్గరకు వంగాడు. "పిన్నిగారూ, నాకు కంప్యూటరు తిప్పడం కూడా తెల్దండి. ఏం మాట్టాడాలండి ఇక్కడ?"

"నాకూ తెలీదు బాబూ. అడిగితే నిజం చెప్పేద్దాం."

నిజం చెప్పాం. నాకు ప్రోగ్రామింగు రాదని లేచి నిలబడి చెప్పాను. హాలంతా చప్పట్లు కొట్టింది. పట్టాభిరామయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "విద్య వినయమునిచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు," అన్నాడు. ఆ ముక్క ఫోనులో పెట్టారు. మరో పాతికవేలమంది నా వెంట పడ్డారు. నేను రాదన్నకొద్దీ నా నైపుణ్యం పెరుగుతోందని అర్థమై నోరు మూసుకున్నాను.

ఆ రోజే చాలా పనులు అయ్యాయి. సిలబస్‌లో ఏ పాఠం గురించి ఫోనులో తక్కువమంది చూశారో ఆ పాఠాలు తీసేశారు. కష్టమైనవన్నీ అలా పోయాయి. పరీక్ష పేపర్లు దిద్దడం కూడా మారింది. పిల్లల జవాబులను మండలి చానెల్లో పెడతారు, లైకులను బట్టి మార్కులు. పిల్లలు తెలివైనవాళ్లు కదా, మొదటి పరీక్షలోనే జవాబు చివర "నచ్చితే మీ బంధుమిత్రులకు పంపండి" అని రాశారు. ఒక అమ్మాయి అసలు జవాబే రాయకుండా తన కుక్కపిల్ల ఫోటో అంటించిందట. క్లాసు ఫస్టు వచ్చింది.

"ఆ అమ్మాయికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపు రాయడం రాదు అత్తయ్యగారూ," అంది కాత్యాయని, ఆ మార్కులు వచ్చిన సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ. "రేపు ఎక్కడో చేరుతుంది. అక్కడ రాయమంటారు. అప్పుడేం చేస్తుంది?"

"కుక్కపిల్ల పెద్దదవుతుంది కూడా," అన్నాను.

"మీరు నవ్వించకండి. ఫోనులో చెప్పేవాళ్లంతా పనికిరానివాళ్లని నేననట్లేదు. నేను సగం నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. మహా బాగా చెప్పేవాళ్లున్నారు, పట్టుమని పదిమంది కూడా చూడనివాళ్లున్నారు. చెప్పినట్టు చేసి చూసేదాన్ని. నడిస్తే నమ్మేదాన్ని, నడవకపోతే లేదు. వీళ్లు చేసి చూడరు కదా, అంకె చూస్తారు."

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. బల్లకు అవతల కాత్యాయని, ఇవతల మేం ముగ్గురం, మధ్యలో పట్టాభిరామయ్యగారు. పొద్దున్న ఒకే ఆటోలో వచ్చాం ఇద్దరం. తనే నాకు మందుబిళ్లలు సంచిలో పెట్టి ఇచ్చింది. ఇక్కడ మాత్రం నాకు నమస్కారం పెట్టి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది.

"తమరు చేసిన ప్రోగ్రాము ఏదైనా చూపుడు," అన్నాడు కార్యదర్శి.

కాలేజీ పిల్లల బస్సు పాసుల కోసం తను చేసినది చూపించింది. అంతకుముందు పాసు కావాలంటే పిల్లలు డిపో దగ్గర పూటంతా ఎండలో నిలబడేవారు. ఇప్పుడు కాలేజీలోనే నొక్కితే వస్తుంది. అక్కడే బులిరాజు పేరు కొట్టి పాసు తీసి ఇచ్చింది. బులిరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు.

"పనిచేయుచున్నది. సంతోషము," అన్నాడు కార్యదర్శి. "దీనిని ఎంతమంది చూచినారు?"

"చూడ్డానికి కాదండీ, వాడుకోడానికి."

"వాడుకొనినవారు లైకు కొట్టినారా?"

"బస్సెక్కి వెళ్లిపోయారండీ."

ఆయన ఏదో రాసుకున్నాడు. మురారి ముందుకు వంగాడు. "మేడమ్, మీ హుక్ ఏంటి? అంటే, చూసేవాడు మొదటి రెండు మూడు సెకన్లలో పారిపోకుండా ఏం చేస్తారు?"

"తలుపు వేస్తానండీ."

బులిరాజు పకపకా నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకుని, "అమ్మా, ఏ గేదె ఏ పూట ఎన్ని పాలిచ్చిందో చూపించేది ఒకటి చేసిపెట్టగలరా?" అన్నాడు. చేస్తానంది. "అయితే నేను ఊఁ అంటున్నానండి. ఈవిడకి వచ్చండి."

"వ్యక్తిగత ప్రయోజనము ఆశించిన ఓటు చెల్లదు," అన్నాడు కార్యదర్శి. మురారి కాదన్నాడు. చెడ్డవాడు కాదు, నా వైపు జాలిగా చూశాడు. లక్షమంది లేనివాళ్లని ఒప్పుకుంటే తన లక్షమంది ఏమనుకుంటారోనని అతని భయం.

"నేను అవునంటున్నాను," అన్నాను.

"తమరు అత్తగారు గనుక తమ ఓటునూ లెక్కించలేము."

"కాదని ఉంటే లెక్కించేవాళ్లా?"

"అత్తగారు కాదనుట సహజము గనుక, దానిని నిష్పక్షపాతముగనే భావించియుందుము."

నాకు ఒళ్లు మండింది. "అయితే ఒక పని చెయ్యండి. నా వెంట ఉన్న ఆ జనాన్నంతా మా కోడలి పేరు మీద రాసేస్తాను. రిజిస్ట్రారు దగ్గరకు పదండి. మా పెరట్లో కొబ్బరిచెట్లు అలాగే రాశాను, ఎవరూ వద్దనలేదు."

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. పట్టాభిరామయ్యగారు పెన్ను కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు. తర్వాత లోపల గదిలోకి వెళ్లి లా ఆఫీసరుతో చాలాసేపు మాట్లాడి వచ్చాడు.

"అనుచరులు స్థిరాస్తియా, చరాస్తియా అన్నది తేలలేదు. కావున బదిలీ కుదరదు. అయితే వేరొక మార్గము కలదు. కారుణ్య నియామకము. ప్రభుత్వ సేవలో ఉన్న నిపుణులు కాలధర్మము చెందినచో, వారి కుటుంబములో ఒకరికి శాశ్వత ఉద్యోగము ఇచ్చెదము." ఆగి, నా వంక మర్యాదగా, కాస్త ఆశగా చూశాడు. "తమ ఆరోగ్యము ఎటులున్నది?"

కాత్యాయని కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "మా అత్తయ్యగారి జోలికొస్తే బాగుండదండీ, చెబుతున్నాను!"

"అమ్మా, ఆవేశపడకుడు. చనిపోనక్కరలేదు. వైద్య కారణములచే పనికి శాశ్వతముగా అనర్హులైనను చాలును. ఒక్క ప్రశ్న. ఈమె తమపై ఆధారపడియున్నదా?"

"ఆవిడ జీతం మీద మేమంతా ఆధారపడి ఉన్నాం బాబూ."

"అది వేరు. ఫైలు ప్రకారము ఆధారపడియున్నదా?"

"ఫైలు ప్రకారం ఉంది," అన్నాను.

ఇంటికి వచ్చాక పెద్ద గొడవ అయింది. కాత్యాయని చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"మీరు లేని రోగం తెచ్చుకుంటే నాకు ఉద్యోగమా? వద్దండీ. ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటాను."

"నువ్వు అరిచేది అయ్యాక చెప్పు, నేను చెబుతాను."

"అబద్ధం చెప్పి తెచ్చుకున్న ఉద్యోగం నాకెందుకు అత్తయ్యగారూ?"

"ఏవే, నాకు ప్రోగ్రామింగు రాదన్నది అబద్ధమా?"

"కాదు."

"ఆ మాట నోటితో చెబితే చప్పట్లు కొడుతున్నారు. అందుకని మోకాళ్లతో చెబుతాను. ముగ్గు వేయడమే ప్రోగ్రామింగు అన్నది వాళ్ల మాట. వంగలేనిదాన్ని ముగ్గు వేయలేను. నిజం వాళ్ల చెవికెక్కాలంటే వాళ్ల దారిలోనే పంపాలి కదే."

"మరి ముగ్గులు? ఇక వేయరా?"

అప్పుడు తట్టింది నాకు. పనికిరానిదాన్నని కాగితం తీసుకున్నాక గుమ్మంలో వంగి ముగ్గు వేస్తే ఎవరో ఒకరు ఫోను తీస్తారు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ఆ గుమ్మం ముందు చుక్క పెట్టని రోజు, పురుళ్లకీ మైలకీ తప్ప, లేదు.

"వేసినన్నాళ్లు వేశాను," అన్నాను. "అన్నం పెట్టు."

పెట్టింది. తనూ తినమంటే పులుసు బాలేదంది. పులుసు బాగానే ఉంది.

వైద్య పరీక్ష జిల్లా ఆసుపత్రిలో. ఎముకల డాక్టరు గోవర్ధన్ గారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. పారదర్శకత కోసం నిపుణుల పరీక్ష అంతా మండలి చానెల్లో ఆ క్షణానే చూపించాలని రూలు ఉండడంతో, మంచానికి రెండు వైపులా కెమెరాలు పెట్టారు. మొదట ఆయన విసుక్కున్నాడు. "ఏంటయ్యా ఈ తమాషా, ఆ లైటు తియ్యండి." ఎవరో అప్పుడే ఎంతమంది చూస్తున్నారో చెప్పారు. ఆయన ఆగి, చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"అమ్మా, కూర్చోండి."

"అమ్మో," అంటూ కూర్చున్నాను.

"లేవండి."

"అమ్మోయ్," అంటూ లేచాను.

నేల మీద ముగ్గుపిండి గిన్నె పెట్టి, నాలుగు చుక్కలు పెట్టమన్నాడు. వంగాను. మొదటి చుక్క పెట్టాను. చెయ్యి దానంతట అదే రెండోదానికి వెళ్లిపోతోంది. ఆపడానికి పడిన అవస్థ ఆ భగవంతుడికే తెలుసు. ఆపి, గిన్నె ఒలకబోసి, నడుం పట్టుకుని అరిచాను. ఆ అరుపులో నొప్పి నిజమే. మోకాలిది కాదు, అంతే.

డాక్టరుగారు కెమెరా వైపు తిరిగాడు. "చూశారా! మన బామ్మలందరి బాధ ఇదే. నేల మీద కూర్చునేవాళ్లు, మెట్లెక్కేవాళ్లు వినండి..." అంటూ మోకాలిచిప్ప గురించి, నువ్వుల నూనె గురించి, ఎవరి మందు నమ్మకూడదో దాని గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు నవ్వాడు కూడా. నేను నేల మీదే ఉన్నాను. కాత్యాయని వచ్చి లేపింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సర్టిఫికెట్టు వచ్చింది. "వంగజాలదు గనుక ప్రోగ్రామింగుకు శాశ్వతముగా అనర్హురాలు." వెనకాలే కాత్యాయని ఆర్డరు వచ్చింది, కారుణ్య ప్రాతిపదికన ప్రోగ్రామింగు లెక్చరరు. నాకు సన్మానం చేశారు. రాష్ట్రం ఒక మహా ప్రోగ్రామరును అకాలంలో కోల్పోయిందని పట్టాభిరామయ్యగారు మైకులో బాధపడ్డాడు. బులిరాజు నెయ్యి తెచ్చి ఇచ్చి, మోకాళ్లకు రాసుకోమన్నాడు. పప్పులో వేసుకున్నాం.

ఇప్పుడు గుమ్మం ముందు నీళ్లు చల్లి ఊరుకుంటున్నాను. పెరట్లో బట్టలుతికే బండ మీద మాత్రం, ఎవరూ లేచేలోపు, అరచెయ్యంత ముగ్గు ఒకటి వేసి, చూసుకుని, చెంబుతో కడిగేస్తాను.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆర్డరులో అడుగున చిన్న అక్షరాలు ఉన్నాయి. ఏడాది ప్రొబేషను, చివర నిపుణుల తనిఖీ, అందులో తేడా వస్తే ఉద్యోగం రద్దు. నేను ఖాళీ చేసిన నిపుణురాలి కుర్చీలోకి ఎవరు వస్తారా అని చూశాం. గోవర్ధన్ గారు వచ్చారు. నా మోకాళ్ల వీడియో పది లక్షలమంది చూశారట. కూర్చోండి, లేవండి, చుక్క పెట్టండి అని వరసగా సూచనలిచ్చాడు కాబట్టి నిర్వచనానికీ లోటు లేదు.

తనిఖీ నాడు కాత్యాయని ఏమీ తినకుండా వెళ్లింది. సాయంత్రం దాకా నేను వీధి చివర ఆటో చప్పుడు వింటూ కూర్చున్నాను. వచ్చింది. చెప్పులు విప్పి, నా పక్కన చాప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే.

"చెప్పి నవ్వవే!"

"ఏం చెప్పమంటారు అత్తయ్యగారూ... పిల్లలు రాసింది పొద్దున్నుంచి నడవలేదు. నేను చెప్పకుండా వాళ్లనే వెతుక్కోమన్నాను. ఎక్కడ తప్పో ఆ కుక్కపిల్ల అమ్మాయే పట్టుకుంది. నడిచింది. క్లాసంతా కేకలు. తనిఖీకి వచ్చిన డాక్టరుగారు తలెత్తలేదు, ఫోను చూసుకుంటున్నాడు. చివర్న లేచి, అందర్నీ వరసగా నిలబెట్టి నాలుకలు చూపించమన్నాడు."

"నాలుకలా?"

"అరవై మందివీ చూశాడు. టార్చి వేసి మరీ."

రిపోర్టు చదివి వినిపించింది. బోధన ఫలితాలు సంతృప్తికరమనీ, ఒక్క విద్యార్థికి మాత్రం ఐరన్ మాత్రలు అవసరమనీ ఉంది. ఆ రెండు ముక్కల మీద మా కాత్యాయని ఉద్యోగం ఖాయమైపోయింది. ఆ విద్యార్థికి రేపు ఇవ్వడానికి, మాత్రలు దారిలో ఆటో ఆపించి తనే కొనుక్కొచ్చిందట.